నాగన్న కన్నున్న ఊరు

నాగపంచమికి ముందురోజు మధ్యాహ్నం తమ్ముడి ఉత్తరం వచ్చింది. ఎనభైల చివర్లో మాట ఇది. మా రవి దస్తూరీని బడిలో అందరూ మెచ్చుకునేవారు. ఈ ఉత్తరంలో మాత్రం వరసలన్నీ కిందికి జారిపోయాయి, అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కేశాయి. ఒంటికన్నుతో రాసిందని రెండో వరస చదివేదాకా నాకు అర్థం కాలేదు. హైదరాబాదు నాచారంలో వాడు పనిచేసే కార్ఖానాలో, లేత్ మిషన్ దగ్గర ఉండగా, కుడి కంట్లో ఇనుప రజను పడిందట. తార్నాకలో ఒక డాక్టరు ఆపరేషన్ చేసి తీశాడట. కట్టు విప్పేదాకా చుక్క నీరు తగలకూడదన్నాడట. అంతవరకు చదివి ఏడవబోయాను. ఆఖరి వరసలు చదివాక ఆ ఏడుపు కూడా ఆగిపోయింది.

"పంచమినాడు రాజమ్మక్క కట్ట మీద నా కళ్లు కడుగుతుంది. పంచమి మర్నాడు పొద్దున కట్టు విప్పుతారు. నువ్వు బెంగపెట్టుకోకు" అని రాశాడు.

బెంగపెట్టుకోకట. పాలతో కడుగుతారు అక్కడ. పుట్టలో పోయగా మిగిలిన పాలు, అందులో పసుపు. ప్రతి శ్రావణంలోనూ వాడు మురిసిపోతూ రాసేవాడు: నేను అద్దెకుండే ఇంటి యజమానురాలు రాజమ్మకు తమ్ముళ్లు లేరు, నన్నే తమ్ముడనుకుంటుంది, చెరువు కట్ట మీద ఊరి మగవాళ్లందరి పక్కన నన్నూ కూర్చోబెట్టి కళ్లు కడుగుతుంది అని. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. తోడబుట్టినదాన్ని నేను బతికే ఉన్నానుగా. మా వైపు నాగులకు పాలు పోసేది కార్తీకంలో. చిమ్మిలి, చలిమిడి పెట్టి, పుట్టమన్ను చెవులకు రాసుకుని ఇంటికొస్తాం. ఈ కళ్లు కడగడం మాకు తెలియదు. తెలియని ఆచారం మీద ఉండే కోపం, తెలియని ఆ మనిషి మీదికి మళ్లింది.

అమ్మ పోయేనాటికి నాకు ఇరవై, వాడికి తొమ్మిది. తల దువ్వి బడికి పంపింది నేను. మా ఆయనకు తెలిసినవాళ్లను పట్టుకుని, వాణ్ని ఆ ఇనుము ముందు నిలబెట్టిందీ నేనే. ఇప్పుడు ఆ కన్ను పోతే లేత్ పని పోయినట్టే, ఇరవై ఆరేళ్లకే వాడి బతుకు సగమైపోయినట్టే. ఆ మాట పైకి అనలేక ఇల్లంతా తిరిగాను.

మా ఆయన టెలిగ్రాం ఇద్దామన్నారు.

"ఏమని ఇస్తారు? పాలు పోయొద్దు అనా?" అని విసుక్కున్నాను.

ఆ ఇంట్లో ఫోను లేదు. చేతిసంచిలో రెండు చీరలు, ఒక దుప్పటి పెట్టుకుని, మర్నాడు పొద్దున ఆరుంబావు బండికి విజయవాడలో ఎక్కాను. మధ్యాహ్నం ఒంటిగంటకు సికింద్రాబాదులో దిగాలి. రవి పాత ఉత్తరాల ప్రకారం కళ్లు కడిగేది పొద్దు వాలాక, దీపాలు పెట్టేలోపల. చాలా సమయం ఉందని మా ఆయన ధైర్యం చెప్పారు. ఆయనకేం, ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎన్నయినా చెబుతారు.

ఖమ్మం ఎనిమిదిన్నరకు వచ్చింది. మధిర దాటినప్పటి నుంచీ నేను గడియారం చూస్తూనే ఉన్నాను. డోర్నకల్లో వడలు కొన్నాను. ఒకటి తిని, రెండోది పొట్లంలోనే ఉంచేశాను. కాజీపేటలో బండి పావుగంట ఆగవలసింది ముప్పావుగంట ఆగింది. జనగామలో ఎక్కినవాళ్లతో పెట్టె నిండింది. నా పక్కన ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. చేతినిండా గాజులు, నుదుట రూపాయంత బొట్టు. ఒళ్లో మూతకు గుడ్డ కట్టిన ఇత్తడి చెంబు. కూర్చున్న పది నిమిషాల్లో తన పేరు యాదమ్మ అనీ, చెంగిచెర్ల ఆడబిడ్డననీ చెప్పేసింది.

"యాడికి పోతున్నవు బిడ్డా?" అని అడిగింది.

"నాచారం. మా తమ్ముడి దగ్గరికి."

"కండ్లు కడుగనీకెనా?"

"కాదు. కడగకుండా ఆపడానికి."

ఆవిడ చెంబును కాస్త తనవైపు జరుపుకుంది. నేను సంగతంతా చెప్పాను. యాదమ్మ శ్రద్ధగా విని, డాక్టరు మాట డాక్టరుదే, నాగన్న మాట నాగన్నదే అంది. ఎవరీ నాగన్న అని అడిగాను. నా వంక జాలిగా చూసి, చెంబు కిటికీ పక్కన పెట్టి, కాళ్లు పైకి ముడుచుకుని మొదలుపెట్టింది.

వెనక ఆ పక్క ఊళ్లకు ఒకే ఒక పెద్ద చెరువుండేదట. ప్రతి వానాకాలం దాని కట్ట తెగి, పంటలు కొట్టుకుపోయేవట. ఒక ఏడు, గండి పడిన చోట ఏడు పడగల నాగన్న అడ్డంగా పండుకున్నాడట. నీళ్లు నిలిచిపోయాయి. మర్నాడు మగవాళ్లు గడ్డపారలు, తట్టలు పట్టుకుని కట్ట పూడ్చడానికి వచ్చారు. మట్టి కింద ఎవరున్నారో వాళ్లకేం తెలుసు. ఒక గడ్డపార నాగన్న కంట్లో దిగింది. పొద్దు గుంకేసరికి ఊరి మగవాళ్లందరికీ చూపు పోయింది. కబురు విని అత్తగారిళ్ల నుంచి అక్కచెల్లెళ్లు పాలచెంబులతో నడుచుకుంటూ వచ్చారు. దీపం పెట్టకముందే నాగన్న కన్ను పసుపు పాలతో కడిగారు. నాగన్న కన్ను తెరిచాడు, అన్నదమ్ములకు చూపొచ్చింది. అప్పటి నుంచి పంచమినాడు ఆ ఊళ్లలో గడ్డపార మట్టికి తగలనివ్వరట. ఆడబిడ్డలు ఎంత దూరాన ఉన్నా వచ్చి అన్నదమ్ముల కళ్లు కడుగుతారట.

"మా తమ్మునికి అరువై ఏండ్లు. ఒక్క ఏడు గూడ నేను తప్పలే" అంది.

"మరి డాక్టరు వద్దన్నప్పుడు..."

"కడుగకుంటె గా పిల్లగాడు ఊర్ల ఎట్ల తిరుగుతడు? ఎవరన్న పిలుస్తరా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. రవి అక్కడ పరాయివాడు. కార్ఖానాల కోసం, ఆఫీసుల కోసం వచ్చి చేరిన వేలమందిలో ఒకడు. వాణ్ని ఊరివాడని ఒప్పుకున్నది ఆ కట్ట మీదే. కంటికట్టుతోనైనా సరే, వాడు తల వెనక్కి వాల్చి కూర్చుంటాడు. వాడి మెతకతనం నాకు తెలుసు. ఇంకొకరి మనసు నొప్పించడం కంటే తన కన్ను పోగొట్టుకోవడమే వాడికి తేలిక.

ఆలేరు దాటాక బండి పొలాల మధ్య ఆగిపోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. పన్నెండున్నర, ఒంటిగంట, ఒకటిన్నర. మగవాళ్లు దిగి పట్టాల పక్కన బీడీలు కాల్చుకుంటున్నారు. నేను తలుపు దగ్గరికీ సీటు దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను. యాదమ్మ తాపీగా జొన్నరొట్టె తుంచి నాకో ముక్క పెట్టింది. తినలేకపోయాను. ఆవిడకూ ఆలస్యమవుతోందిగా, భయం లేదా అని అడిగాను.

"మా తమ్ముడు కండ్లు మూస్కొని కూసుంటడు, నేనచ్చేదాంక. తల మా ఊర్లనే ఉన్నది గద, నాగన్న ఆగుతడు."

"తలేమిటి?"

"నాగన్న తల చెంగిచెర్లల ఉన్నది బిడ్డా. నాచారపోల్లు మా తాన ఉన్నదని చెప్పుకుంటరు. చెప్పుకోనీ."

ఆ మాటను నేను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఓ ముప్పావుగంట మిగిలేది.

సికింద్రాబాదులో దిగేసరికి నాలుగు కావడానికి పది నిమిషాలు. యాదమ్మ నా చెయ్యి నొక్కి, మంచిగైతది పో అని జనంలో కలిసిపోయింది. బస్సుల దగ్గర జాతరలా ఉంది. ఆటో మాట్లాడుకున్నాను. నడిపే అతను నలభై ఏళ్ల మనిషి, మెడలో ఎర్రతువ్వాలు. కంగారులో నాకు ఊరి పేరు బదులు, అప్పుడే నేర్చుకున్న పేరు నోట్లోకొచ్చింది.

"చెరువు కట్ట మీద నాగన్న పుట్ట. తొందరగా పోనీ బాబూ."

"నాకు చెప్పాల్నా అమ్మా. గది మా ఊరే" అన్నాడతను, ఉషారుగా.

లాలాపేట్ మీదుగా తార్నాక వచ్చాం. ఇక్కడే ఎక్కడో వాడి డాక్టరు ఉంటాడని రెండు వైపులా బోర్డులు వెతికాను. హబ్సిగూడ దాటింది. విశాలమైన రోడ్డు, అటూ ఇటూ చెట్లున్న ప్రభుత్వ పరిశోధనశాలల గోడలు. ఎండ పచ్చబడుతోంది. వాలింది పొద్దు, వాలింది అని నాలో నేను గొణుక్కుంటున్నాను. ఆటో అతనితో ఇంకా ఎంత దూరమని నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ అచ్చినమమ్మా అన్నాడు.

అయిదుకు పది నిమిషాలుందనగా కట్ట కనిపించింది. ఆడవాళ్లు చెంబులతో వరసగా నిలబడ్డారు. పుట్ట చుట్టూ పసుపు, కుంకుమ, పూలు. ఆటో ఆగీ ఆగకముందే దిగి పరుగెత్తాను. రాజమ్మ ఎవరు, రాజమ్మ ఎక్కడ అని ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగాను. ఇద్దరు రాజమ్మలు వచ్చారు. ఒకావిడకు డెబ్బై ఏళ్లుంటాయి, ఇంకొకావిడ కొత్త పెళ్లికూతురు. రవి ఎవరో ఇద్దరికీ తెలియదు.

"ఇది నాచారమేనా?" అన్నాను.

వరసలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు.

"ఉప్పల్ ఇది. నాచారం ఎందుకమ్మా? గాడ నాగన్న తోక ఉన్నది. తోకకు ఎవరన్న పాలు వోస్తరా?" అంది ఆ పెద్ద రాజమ్మ.

వెనక్కి వచ్చి ఆటో అతని మీద విరుచుకుపడ్డాను. ఏం మాటలన్నానో రాయను. అతను తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ విన్నాడు.

"నాగన్న పుట్ట అన్నరు గదమ్మా. నాచారం అంటె హబ్సిగూడల్నే ఎడమకు మలుపుతుంటి."

నిజమే, తప్పు నాదే. రోడ్డు పక్కనే కూర్చుని ఏడ్చేశాను. తమ్ముడి కన్ను, పాలు, డాక్టరు అని ముక్కలు ముక్కలుగా చెప్పాను. అతను వెంటనే బండి స్టార్టు చేశాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి. ఫ్యాక్టరీల నడుమకెల్లి అడ్డంగ పోదాం. జల్ది కూసోండ్రి."

గుంతల రోడ్డు మీద రేకుల షెడ్ల మధ్య నుంచి, రంగునీళ్లు పారే కాలువల పక్క నుంచి, అతను ఆటోను ఎగరేసుకుంటూ తీసుకుపోయాడు. రవి పనిచేసే షెడ్డు కూడా వీటిలోనే ఒకటై ఉంటుంది. పండుగ కాబట్టి చాలావాటికి తాళాలున్నాయి. లోపల చీకట్లో ఆ మిషన్లు ఉంటాయని గుర్తొచ్చి చూపు తిప్పుకున్నాను. మధ్యలో ఒకసారి అతను తల తిప్పకుండానే అన్నాడు.

"తప్పు నాది గూడ ఉన్నదమ్మా. గని తల మాత్రం మాదే."

అంత బాధలోనూ నాకు నవ్వు వచ్చింది.

రవి ఉండే ఇల్లు పాత నాచారంలో, పెంకుటింటి వెనకవైపు గది. తాళం వేసి ఉంది. ఎదురింటి గుమ్మంలో ముగ్గు వేస్తున్న ఆవిడ, అందరు కట్ట మీదికి పోయిన్రు అని చేత్తో చూపించింది. సంచి ఆ అరుగు మీదే పడేసి నడిచాను. నడిచానంటాను గాని, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని ఉరికాను. అయిదూ ఇరవై అయిదు.

వెళ్లదలచినవాళ్ల కోసం ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పాలి. ఆనాడు నేను సరిగ్గా చూడలేదు, మర్నాడు చూశాను. చెరువు సగానికి పైగా ప్లాట్లయిపోయింది. కట్ట మిగిలింది ఒక ఫర్లాంగు. ఊళ్లోకి కొత్త రోడ్డు తిన్నగా వచ్చి, పుట్ట దగ్గర మాత్రం పక్కకు ఒంగి, దాన్ని దాటాక మళ్లీ తిన్నగా పోతుంది. రోడ్డు వేసేటప్పుడు ఊరివాళ్లంతా వచ్చి పుట్ట చుట్టూ కూర్చున్నారట, అందుకే ఆ వంకర. చుట్టూ కొత్త కాలనీల మేడలు. వాటి డాబాల మీద మా రవిలా వలస వచ్చినవాళ్లు, ఆఫీసర్ల కుటుంబాలు, నిలబడి చూస్తుంటారు. కింద కట్ట మీదికి ఊరివాళ్లు తప్ప ఎవరూ దిగరు. దిగమని పిలిచేవాళ్లుండాలి. భూములమ్ముకుని, కార్ఖానాల్లో, ఆఫీసుల్లో, ఆటోల మీద చెదిరిపోయిన ఆ ఊరు ఊరుగా కనిపించేది ఏడాదికి ఆ ఒక్క సాయంత్రమే.

కట్ట మీద గొంగళ్లు పరిచి మగవాళ్లను వరసగా కూర్చోబెట్టారు. తెల్లగడ్డం ముసలాయన తల వెనక్కి వాల్చి ఉంటే, ఆయన కంటే ముసలావిడ వణికే చేత్తో ఆయన రెప్పల మీద పాలు జారుస్తోంది. సఫారీ సూటు వేసుకున్న ఒక ఆఫీసరు చెప్పులు విప్పి బాసింపట్టు వేసుకుని తన వంతు కోసం చూస్తున్నాడు. నాకు అవేవీ పట్టలేదు. వరస చివర నాకు వీపు పెట్టి కూర్చున్న మనిషి మెడ చూశాను. చిన్నప్పుడు నేను నూనె రాసిన మెడ, పోల్చుకోలేనా? తల వెనక్కి వాలి ఉంది. ఎదురుగా ముదురాకుపచ్చ చీరలో పొడుగాటి మనిషి, చేతిలో ఇత్తడి గిన్నె, అంచు వంచబోతోంది.

వెళ్లి ఆవిడ చెయ్యి కొట్టాను. గిన్నె ఎగిరి, కట్ట మట్టిలో బోర్లా పడింది. పసుపు పాలు చిన్న చారగా పారి ఇంకిపోయాయి.

రవి తల ఎత్తి నా వైపు తిరిగాడు. కుడి కంటి మీద కట్టు చెక్కు చెదరకుండా ఉంది. దాని మీద నీళ్లు పడకుండా ఎవరో పాలిథిన్ కాగితం మడిచి, అంచుల నిండా టేపు అంటించారు. ఎడమ కన్ను మాత్రమే తెరిచి ఉంది.

"అక్కా? నువ్వేంటి ఇక్కడ?" అన్నాడు.

రాజమ్మ తన చెయ్యి రుద్దుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా విజయవాడ అక్కవు?"

నేను తలూపాను.

"నేను గంత తెలివిలేనిదాన్నా? రజను వడ్డనాడు వీన్ని దవాఖానకు ఎవరు తీస్కపోయిన్రనుకున్నవు? కట్టు తడువద్దని డాక్టర్ చెప్తుంటె పక్కన నిలవడ్డది నేను. గా కాయితం అంటువెట్టింది నేను."

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఎడమ కన్ను కడుగుతోంది ఆవిడ, మంచి కన్ను. రవి తలవంచుకుని మెల్లగా చెప్పాడు, దెబ్బ తగిలిన కంట్లో పాలు పోయరక్కా అని. ఆ సంగతి వాడికీ ఉత్తరం పోస్టు చేశాకే తెలిసిందట. తమ్ముడికి కన్ను దెబ్బతింటే, ఆ కన్ను వంతుకు అక్క తన కన్ను కడుక్కోవాలి. ఆ ఊరి పద్ధతి అది. రాజమ్మ వాడి ఎడమ కన్ను కడిగి, మిగిలిన పాలు తన కుడి కంట్లో పోసుకునేది. నేను రావడం ఒక్క నిమిషం ఆలస్యమైతే అది కళ్లతో చూసేదాన్ని.

క్షమించమని అడిగాను. ఆవిడ వినడం లేదు. మట్టిలో ఇంకిన పాల వంకే చూస్తోంది. ఆ కోపమంతా పోయి మొహం పాలిపోయింది.

"పుట్ట పాలు మన్నుల వోసినం. వీని కన్నుకు ఏమన్నయితే?" అంది, నాతో కాదు, ఎవరితోనూ కాదు.

అప్పుడు నాకు అసలు సంగతి అర్థమైంది. నేను విజయవాడ నుంచి మోసుకొచ్చిన భయమే ఆ మనిషి మొహంలోనూ ఉంది. నాకు పాలు తగిలితే భయం, ఆవిడకు తగలకపోతే భయం. ఇద్దరం భయపడుతున్నది ఆ ఒక్క కంటి కోసమే. ఒక ఇంటికి ఒక్క గిన్నెడే పాలు, అదే రోజు రెండోసారి పుట్ట దగ్గర పోయకూడదట. నేనొచ్చి వాడి కన్ను కాపాడానా, పోగొట్టానా అని నాకే అనుమానం వచ్చేసింది. ఆ మట్టిలోంచి పాలు తిరిగి ఎత్తగలిగితే చేతులతో ఎత్తి ఉండేదాన్ని.

ముందు లేచింది ఆ ముసలావిడ. గడ్డం ముసలాయన భుజం పట్టుకుని లేచి, వచ్చి, బోర్లా పడిన గిన్నెను ఎత్తి, కొంగుతో తుడిచి, తన గిన్నెలోంచి కొంచెం పాలు వంచింది. తర్వాత సఫారీ ఆఫీసరు అక్క లేచింది. తర్వాత ఇంకొకరు. ఎవరూ నన్ను ఒక్క మాటా అనలేదు. గిన్నె సగం నిండాక రాజమ్మ చేతికిచ్చారు. ఆవిడ రవి ఎడమ కన్ను తమలపాకు కొసతో కడిగింది. కడిగి, గిన్నె చూసుకుని, నా వైపు తిరిగింది.

"తోడవుట్టినదానివి నువ్వు అచ్చినంక నా కన్నెందుకు? కూసో."

ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతు కొంచెం మారింది. అది నాకు వినిపించింది. నేను తమ్ముడి పక్కన గొంగళి మీద కూర్చుని తల వెనక్కి వాల్చాను.

"భయమైతుందా?" అంది.

"అవుతోంది."

కుడి కంట్లో పాలు పడ్డాయి. పసుపు మంట కణతల దాకా పాకింది. నేను రెప్ప వెయ్యలేదు. దేవుళ్లను మొక్కానో లేదో ఇప్పటికీ చెప్పలేను. వీడి కన్ను ఉండాలి, ఉండాలి అని మాత్రం అనుకున్నాను. రవి నా చెయ్యి పట్టుకున్నాడు. ఎవరో దీపం వెలిగించారు.

ఆ రాత్రి బస రాజమ్మ ఇంట్లోనే. జొన్నరొట్టె, పప్పు, చింతపండు తొక్కు పెట్టింది. ఉప్పల్ సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. తల చెంగిచెర్లదా, ఉప్పల్‌దా, మీదా అని అడిగాను.

"తల యాడుంటె ఏంది? దెబ్బ తాకిన కన్ను మా తాన ఉన్నది" అంది, రొట్టె తిరగేస్తూ.

మర్నాడు పొద్దున పదింటికి ముగ్గురం తార్నాక వెళ్లాం. డాక్టరు గదిలోకి రవితో పాటు ఒక్కరే రావాలన్నారు. రాజమ్మ నన్నే ముందుకు నెట్టి, తాను తెర బయట నిలబడింది. డాక్టరు ముందు నా కన్ను చూసి, ఇదేమిటని అడిగాడు. చెప్పాను. చదువుకున్నవాళ్లు కూడా ఇలా చేస్తే ఎలాగమ్మా అని చీవాట్లు పెట్టి, చుక్కల మందు రాసిచ్చాడు. పడ్డాను. ఆయన అన్నదాంట్లో తప్పేముంది.

తర్వాత కట్టు విప్పాడు. దూది తీస్తుంటే రెప్పల మీద ఎండిన మందు. కన్ను ఎర్రగా, నీరసంగా తెరుచుకుంది. డాక్టరు ఎడమ కన్ను మూయించి తన చెయ్యి ముందుకు చాపాడు.

"ఎన్ని వేళ్లు?"

రవి మెడ కాస్త ముందుకు చాచాడు.

"రెండు సార్. మసగ్గా ఉంది. రెండే. ఒకదానికి ఉంగరముంది."

తెర బయట దబ్బుమని చప్పుడైంది. వెళ్లి చూస్తే రాజమ్మ నేల మీద కూలబడి, మోకాళ్లలో మొహం పెట్టుకుని ఏడుస్తోంది. నేనూ పక్కనే కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచక ఆవిడ వీపు నిమిరాను. మసక తగ్గుతుంది, అద్దాలు కావాలి, రెండు నెలల తర్వాత పనిలోకి వెళ్లవచ్చు అన్నాడు డాక్టరు.

మధ్యాహ్నం బండికి వాళ్లిద్దరూ స్టేషనుకొచ్చి నన్ను ఎక్కించారు. కూర్చున్నాక ఈ రెండు రోజుల లెక్క నాలో నేనే వేసుకున్నాను. కన్ను కాపాడింది డాక్టరు, నాకు అనుమానం లేదు. ఆ ఊళ్లో ఎవరినడిగినా నాగన్న అంటారు, వాళ్లకూ అనుమానం లేదు. ఆ డాక్టరు దగ్గరికి గంటలో చేర్చిన మనిషి రాజమ్మ. ఆవిడకు వాణ్ని తమ్ముణ్ని చేసింది ఆ పుట్టే. ఇందులో దేన్ని తీసేసి చెప్పాలో నాకు తేలలేదు. శ్రావణంలో ఎవరైనా ఆ కట్ట చూడాలని వెళితే, ఆటో అతనితో నాచారం అని స్పష్టంగా చెప్పండి. డాబా మీది నుంచి చూడండి. కిందికి ఎవరైనా పిలిస్తే మాత్రం దిగండి.

ఖమ్మం దగ్గర ఎదురు సీట్లో చంటిబిడ్డ తల్లి నా కన్ను చూసి, బిడ్డను అవతలి భుజానికి మార్చుకుంది.

"కళ్లకలకా అండీ?"

"కాదమ్మా. మా తమ్ముడికి కంట్లో ఇనుప రజను పడింది."

"ఆయనకు పడితే మీ కన్ను ఎర్రబడిందేం?"

"వాడికి మేం ఇద్దరక్కలం. ఈ ఏడు నా వంతు వచ్చింది" అన్నాను.